రేటు చెప్పండి, నరికేస్తాం

గజం 133 రూపాయలు. దట్టమైన చెట్లు, స్వచ్ఛమైన గాలి, సొంత వాగు, అదృష్టం బాగుంటే ఓ చిరుతపులి. త్వరపడండి. అయితే మీరూ నేనూ త్వరపడి లాభం లేదు. ఈ ఆఫరు గని తవ్వేవాడికి, ఆనకట్ట కట్టేవాడికి, రోడ్డు వేసేవాడికి మాత్రమే.

ఏ రియల్ ఎస్టేట్ బ్రోకరో ఫోన్ చేసి చెప్పిన రేటు అనుకునేరు. సాక్షాత్తూ కేంద్ర ప్రభుత్వానిది. అడవిని వేరే పనికి మళ్లించాలంటే, ఆ అడవి మనకు చేసే మేళ్లన్నిటినీ లెక్కగట్టి ఆ సొమ్ము ఖజానాకు కట్టాలి. దాని పేరు ‘నికర వర్తమాన విలువ’. వసూలు చేయమని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎంతో తేల్చడానికి ఆర్థికవేత్త కాంచన్ చోప్రా నాయకత్వంలో కమిటీ కూర్చుంది. 2008లో కోర్టు ఖరారు చేసిన రేట్లు హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల రూపాయల దాకా. 2022లో కేంద్రం సవరించాక అన్నిటికన్నా పై తరగతి అడవికి 15.95 లక్షలు. హెక్టారంటే 11,960 గజాలు. ఇక భాగహారం మీ ఇష్టం.

2023 ఆగస్టులో హైదరాబాద్ పక్కన కోకాపేటలో ప్రభుత్వ వేలంలో భూమి ఎకరం 100.75 కోట్ల దాకా పోయింది. గజం సుమారు 2 లక్షల 8 వేలు. చెట్టూ చేమా లేని చదును నేల అది. దేశంలోకెల్లా దట్టమైన అడవి దాని పక్కన నిలబడితే పదిహేను వందల వంతులు చవక. ఇన్ని వేల ఏళ్లు ఒళ్లొంచి పనిచేయడమే అడవి చేసిన తప్పు. హాయిగా బండరాళ్లు పరుచుకుని ఖాళీగా కూర్చుని ఉంటే ఈపాటికి దాని బతుకే వేరుగా ఉండేది.

ఈ లెక్కల శాస్త్రాన్ని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. దాన్ని పుట్టించినవాళ్లు పెద్ద మనసున్నవాళ్లు. 1997లో రాబర్ట్ కోస్టాంజా, ఆయన సహచరులు ‘నేచర్’ పత్రికలో ఒక వ్యాసం రాశారు. ప్రకృతి ఏడాదికి సగటున 33 లక్షల కోట్ల డాలర్ల విలువైన పని ఊరికే చేసి పెడుతోందని తేల్చారు. అప్పట్లో ప్రపంచ దేశాలన్నిటి ఆదాయం కలిపినా 18 లక్షల కోట్లే. 2005లో ఐక్యరాజ్య సమితి పిలుపు మీద 1,360 మంది నిపుణులు కలిసి ఇంకో మహా గ్రంథం తెచ్చి, ప్రకృతి చేసే మేళ్లను నాలుగు పద్దుల్లో సర్దారు.

మన ఊరి చెరువునే తీసుకుంటే ఆ నాలుగూ ఇవీ. తాగునీరు, సాగునీరు, చేపలు, తామరాకులు, అంటే చేతికి అందేవన్నీ మొదటి పద్దు. వరదను ఆపడం, బావుల్లో ఊట నిలపడం, ఎండను చల్లార్చడం రెండో పద్దు. గంగమ్మ జాతర, బతుకమ్మ, ఈత నేర్చుకున్న మెట్లు, సాయంత్రం కట్ట మీద కబుర్లు మూడో పద్దు. మట్టి పుట్టడం, పురుగూ పుట్రా తిరగడం, కుళ్లినది మళ్లీ ఎరువు కావడం నాలుగోది. ఇది లేనిదే పై మూడూ లేవు.

ఏ మేలు ఎక్కడ పుడుతోంది, ఎవరికి చేరుతోంది, ఎవరు చెడగొడుతున్నారు అన్నది పటం మీద గీసి చూపించాలి. విలువ కట్టాలి. ఆ పటాన్ని ముందు పెట్టుకుని, రోడ్డు ఎటు వేయాలో, కాలనీ ఎక్కడ వద్దో పాలకుడు నిర్ణయించాలి. ఇదీ శాస్త్రం. రూపాయి భాష తప్ప ఇంకోటి రాని పాలకుడికి రూపాయల్లో చెబితే వింటాడని వాళ్ల ఆశ. విన్నాడు. చాలా శ్రద్ధగా విన్నాడు. కానీ అతని చెవికెక్కింది ఒక్క ముక్కే: దీనికీ ఓ రేటు ఉందన్నమాట! రేటు ఉన్నదాన్ని కొనొచ్చు. కొన్నదాన్ని కొట్టేయొచ్చు. ఇన్నాళ్లూ అడవి కొట్టేవాడికి ఎక్కడో మూల కాస్త జంకు ఉండేది. శాస్త్రజ్ఞులు పాపం దానికీ రసీదు ఇచ్చి పంపించారు.

నమ్మకపోతే బెంగాల్ చెట్ల కథ వినండి. అక్కడ జెస్సోర్ రోడ్డులో రైల్వే వంతెనల కోసం 356 చెట్లు కొట్టాలన్నారు. వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. కోర్టు నిపుణుల కమిటీ వేసింది. 2021 ఫిబ్రవరిలో కమిటీ లెక్క బయటికొచ్చింది. చెట్టు ఏడాదికి 74,500 రూపాయల పని చేస్తుంది. అందులో ఆక్సిజన్ ఒక్కటే 45,000, ఎరువు 20,000. వందేళ్లు దాటిన చెట్టయితే దాని విలువ కోటి రూపాయల పైమాటే. మొత్తం మీద 300 చెట్ల విలువ 220 కోట్లు. దేశం నోరెళ్లబెట్టింది. పత్రికలు పతాక శీర్షికలు పెట్టాయి. మూడు నెలలు తిరక్కుండానే కరోనా రెండో దెబ్బకు ఆక్సిజన్ సిలిండర్ కోసం జనం బ్లాకులో పరుగులు తీసి, ఆ 45,000 రూపాయల పద్దు ఎంత చవకో కళ్లారా తెలుసుకున్నారు.

మరి చెట్లేమయ్యాయి? 2023 ఫిబ్రవరిలో నరకడానికి కోర్టు అడ్డు తొలగింది. చెట్లకు విలువ కట్టలేదన్న అపవాదు మాత్రం లేదు. పూర్తి వివరాలతో, రూపాయి పైసలతో సహా, ఏం పోగొట్టుకుంటున్నామో తెలుసుకుని మరీ పోగొట్టుకునే యోగ్యతను మన దేశం సంపాదించుకుంది. వెనకటివాళ్లు అజ్ఞానంతో నరికేవారు. మనం అంచనా వేసి నరుకుతాం.

ఊరికే నరుకుతామా? బదులు నాటుతాం! దానికో చట్టం, దానికో నిధి ఉన్నాయి. 2019లో ఆ నిధి నుంచి రాష్ట్రాలకు 47 వేల కోట్ల రూపాయలు పంచారు. కొట్టిన అడవికి బదులు ఇంకోచోట అడవి పెంచాలన్నది ఏర్పాటు. అంతకుముందు ఎంత పెంచారో చూద్దామని కాగ్ ఓసారి లెక్కలు తీసింది. 2006 నుంచి 2012 మధ్య అటవీశాఖలకు బదులుగా రావలసిన భూమి 1.03 లక్షల హెక్టార్లు. వచ్చింది 28 వేలు. అందులో మొక్కలు పడింది 7,281 హెక్టార్లలో. నూటికి ఏడు పాళ్లు. మిగతా తొంభై మూడు పాళ్ల అడవి ఫైళ్లలో ఏపుగా పెరుగుతోంది. ఆ అడవికి చెదలే గానీ కార్చిచ్చు భయం లేదు.

ఈ ‘బదులు’ అనే మాటలో ఉన్న మహిమ గ్రేట్ నికోబార్ దీవిలో తెలుస్తుంది. అక్కడ రేవు, విమానాశ్రయం, నగరం కట్టడానికి దాదాపు 130 చదరపు కిలోమీటర్ల వర్షారణ్యాన్ని మళ్లించడానికి ఒప్పుకున్నారు. దానికి బదులు అడవి ఎక్కడ పెంచుతారో తెలుసా? హర్యానాలో. బంగాళాఖాతం అంచున భూమధ్యరేఖ సమీపంలో ఉన్న అడవికి బదులు ఢిల్లీ పక్కన ఎండలో తుమ్మచెట్లు. కాగితం మీద హెక్టార్లు సరిపోయాయి, లెక్క చుక్తా. ఇక అక్కడి మెగాపోడ్ పక్షి గుడ్లు పెట్టుకోవాలంటే గుర్‌గావ్ మెట్రో ఎక్కి వెతుక్కోవాలి. పక్షికి ఆధార్ కార్డు ఉందో లేదో మరి.

ఇక పటాల సంగతికొద్దాం. పటం గీయడంలో మనల్ని కొట్టేవాడు లేడు. ఉపగ్రహ చిత్రాల జాతీయ కేంద్రం హైదరాబాద్ బాలానగర్‌లోనే ఉంది. అంతరిక్షం నుంచి మన పెరట్లో కరివేపాకు చెట్టును కూడా పట్టేయగలం. చిక్కల్లా పటంలో పచ్చరంగు ఎక్కడ వేయాలన్న దగ్గరే.

దేశంలో అడవులెన్నో చెప్పే నివేదిక రెండేళ్లకోసారి వస్తుంది. దాని నిర్వచనం ఎంత ఉదారమో చూడండి. హెక్టారుకు తగ్గకుండా ఉండి, పైనుంచి చూస్తే నేలలో పదోవంతు చెట్ల నీడ కనబడితే చాలు, అది అడవే. భూమి ఎవరిదైనా, చెట్టు ఏదైనా పట్టింపు లేదు. ఆ లెక్కన కోనసీమ కొబ్బరితోట అడవి. నూజివీడు మామిడితోట అడవి. ప్రకాశం జిల్లాలో కాగితం మిల్లుకు పెంచే జామాయిల్ అడవి. 2021 నివేదికలో అడవి పెంచిన రాష్ట్రాల్లో 647 చదరపు కిలోమీటర్లతో ఆంధ్రప్రదేశ్ మొదటిది, 632తో తెలంగాణ రెండోది. తెలుగువాళ్లకు బంగారు పతకం, వెండి పతకం రెండూ. ఇందులో తోటలెన్నో అడవులెన్నో అడిగితే మనం తెలుగుజాతి ద్రోహులం.

అంతటి ఉదార హృదయం 2025లో కంచ గచ్చిబౌలికి వచ్చేసరికి ఒక్కసారిగా బిగుసుకుపోయింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని 400 ఎకరాలు. జింకలు, నెమళ్లు, నక్షత్ర తాబేళ్లు, రెండొందల పైచిలుకు జాతుల పక్షులు. ఈ క్యాంపస్‌లో తొలిసారి దొరికిన ఒక సాలీడుకు శాస్త్రజ్ఞులు హైదరాబాద్ పేరే పెట్టారు. పదో వంతు నీడ ఉంటే మామిడితోటను అడవనే దేశంలో, ఇక్కడ మాత్రం రాష్ట్ర ప్రభుత్వం రికార్డులు తిరగేసి, ఇది అడవి కాదు పొమ్మంది. కొబ్బరిచెట్టుకున్న పలుకుబడి జింకకు లేకపోయింది.

సెలవులు చూసుకుని, సరిగ్గా ఉగాది రోజున బుల్డోజర్లు దిగాయి. రాష్ట్ర జంతువు జింక. దాన్ని రాష్ట్ర యంత్రాలే తెలుగు సంవత్సరాది నాడు తరిమాయి. ప్రోటోకాల్ ఇంతకన్నా పకడ్బందీగా పాటించడం ఎవరి తరం? నెమళ్ల అరుపులు, పరుగెత్తే జింకల చిత్రాలు సామాజిక మాధ్యమాల్లో తిరిగితే, అవి కృత్రిమ మేధ సృష్టి అని పెద్దలు కోప్పడ్డారు. వాటిలో నకిలీ చిత్రాలూ ఉన్నాయి, నిజమే. కానీ కంప్యూటరులో ఎవరో గీసిన నెమలి మీద పోలీసు కేసు పడింది, నిజం నెమలి తిరిగే నేల మీద యంత్రం నడిచింది. ఈ రెంటిలో ఏది నకిలీ పాలనో పాఠకులే తేల్చుకోవాలి. అసలు ఆ 400 ఎకరాల్లో చెరువులే లేవని, అవి పక్కన యూనివర్సిటీ హద్దులో ఉన్నాయని ఇంకో వాదన. నిజమే కావచ్చు. జింక ఒక సర్వే నంబరులో మేసి, ఇంకో సర్వే నంబరులో నీళ్లు తాగుతుంది. భూ రికార్డుల పోర్టల్ చూడకుండా తిరిగే జంతువులతో ఎవరు మాత్రం వేగగలరు?

ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంత తానుగా కల్పించుకుని ఆపమనేసరికి వందెకరాలకు పైగా నేలమట్టమైంది. తర్వాతి విచారణలో పునరుద్ధరణ ప్రణాళిక అడుగుతూ, కాదంటే ఆ చెరువు దగ్గరే తాత్కాలిక జైలు కట్టించి అధికారులను పంపుతామన్నంత పని చేసింది. ఈ దేశంలో ఒక చెరువు చేయగల మేళ్ల జాబితాలో ఇది ఏ పద్దు కింద వస్తుందో ఐక్యరాజ్య సమితి నిపుణులు ఆలోచించాలి.

చెరువు అనుకుంటే గుర్తొచ్చింది. రామప్ప, పాఖాల, లక్నవరం. కాకతీయులు తవ్వించి సుమారు ఎనిమిది వందల ఏళ్లయింది. పక్షులొస్తాయి, చేపలున్నాయి, పొలాలు పండుతున్నాయి. ఇవి చిత్తడి నేలలేనా? 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం సాగునీటి కోసం మనిషి కట్టినవి చిత్తడి నేలల రక్షణ కిందికి రావు. తాగునీటి కోసం కట్టినవీ రావు. వరి పొలాలూ రావు. తెలుగునాట చెరువు అన్నది చాలావరకు మనిషి కట్టిందే. తనంత తాను పుట్టిన సరస్సు కోసం వెతికితే మనకు మిగిలేవి వేళ్ల మీద లెక్క. కాకతీయ రాజు గణపతిదేవుడు చెరువు తవ్విస్తూ, ‘ఇది దానంతటదే వెలిసింది’ అని ఓ శాసనం వేయించి ఉంటే గొలుసుకట్టు చెరువులన్నీ ఇవాళ బతికి బట్టకట్టేవి. రాజుకు ముందుచూపు తక్కువ.

మదింపులో మనవాళ్లు సాధించిన అసలు నైపుణ్యం వేరే ఉంది. నాలుగు పద్దుల్లో తమకు కావలసిన ఒక్కదాన్నే చూడటం. హైదరాబాద్ జంట జలాశయాలను మించిన ఉదాహరణ దీనికి లేదు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగింది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు కొమ్మలు పట్టుకుని నూట యాభై మంది దాకా బతికారని నగరం నేటికీ చెప్పుకుంటుంది. ఏడాదికి 74,500 రూపాయల రేటు కట్టినవాళ్లు ఆ నూట యాభై మందిని ఏ గడిలో వేస్తారో అడగాలని ఉంది. మళ్లీ అలాంటి వరద రాకూడదని మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించి సలహా తీసుకున్నారు. 1920 నాటికి ఉస్మాన్‌సాగర్, 1927 నాటికి హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. వరదను పట్టి ఆపడం వాటి మొదటి ఉద్యోగం, తాగునీరు రెండోది. వాటిని కాపాడటానికి 1996లో 111వ జీవో వచ్చింది. పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాలు, 1.32 లక్షల ఎకరాల్లో భారీ కట్టడాలు వద్దంది.

2022 ఏప్రిల్‌లో 69వ జీవో దిగి, నగరానికి కావలసిన నీటిలో ఈ జలాశయాల వాటా ఇప్పుడు 1.25 శాతం కూడా లేదు, కృష్ణా గోదావరి నీళ్లు వచ్చేశాయి కదా, ఇంకా ఈ ఆంక్షలెందుకు అంది. 2023 మే నెలలో 111ను పూర్తిగా ఎత్తేస్తున్నామని మంత్రివర్గం ప్రకటించింది. ఎంత శాస్త్రీయమైన మదింపు! మొదటి పద్దు చూశారు, సున్నా వేశారు, ఫైలు మూశారు. రెండో పద్దు పేజీ తిప్పితే వరద కనబడేది. కానీ ఆ పేజీ వెనకే 1.32 లక్షల ఎకరాలున్నాయి. అందుకే అది అంటుకుపోయి తెరుచుకోలేదు. 2025 సెప్టెంబరు చివర్లో భారీ వానలకు ఆ జలాశయాల గేట్లెత్తితే మూసీ మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి వచ్చి ప్లాట్‌ఫారాలన్నీ తిరిగి చూసుకుంది. టిక్కెట్టు లేకుండా వచ్చినా కండక్టరు ఏమీ అనలేకపోయాడు.

తెలంగాణను అన్నాక ఆంధ్రను వదిలేస్తే ప్రాంతీయ వివక్ష అవుతుంది. అక్కడ కొల్లేరుంది. 1999లో అభయారణ్యం, 2002లో అంతర్జాతీయ రామ్‌సర్ హోదా. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు దాకా నీరు నిలిచే 308 చదరపు కిలోమీటర్ల మేరా సరస్సేనని జీవో చెబుతుంది. సరస్సు నిండా మాత్రం చేపల చెరువుల గట్లు లేచాయి. 2006లో వాటిని పేల్చి పడగొట్టారు. 2008లో శాసనసభ, సరస్సును ఐదో కాంటూరు నుంచి మూడో కాంటూరుకు దించండని తీర్మానం చేసింది. రెండడుగులే కదా అనుకోకండి, కొల్లేరు పల్లెంలా ఉంటుంది. ఆ రెండడుగులతో అభయారణ్యం సగానికి పైగా ఎగిరిపోతుంది. ప్రపంచంలో సరస్సులు ఎండిపోతాయి, పూడిపోతాయి. శాసనసభలో చేతులెత్తితే తగ్గిపోయే సరస్సు మనకొక్కటే ఉంది.

బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరదను తాగి, మెల్లగా ఉప్పుటేరు గుండా సముద్రానికి వదలడం కొల్లేరు పని. 2024 సెప్టెంబరులో బుడమేరు గట్లు తెగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో నానింది. ఆ నీటికి వాగు ఒడ్డున చోటు ఉంచామా, దిగువన దారి ఉంచామా అన్న ప్రశ్నకు జవాబు ఏ పటంలో ఉంది? ఉంది, రెవెన్యూ పటంలో. అందులో వాగు కూడా ప్లాట్లుగా ఉంది. కొల్లేరులో తరతరాలుగా వల వేసుకునే వడ్డీ కులస్థులను అడిగితే ఏ కాల్వ ఎటు పారేదో, ఏ చేప ఏ నెలలో ఎదురెక్కేదో నేల మీద పుల్లతో గీసి చూపిస్తారు. కానీ అది పి.డి.ఎఫ్. రూపంలో లేదు, కాబట్టి చెల్లదు.

నల్లమల అడవిలో బతికే చెంచుల మాటా అలాగే చెల్లలేదు. 2019లో ఒక చేత్తో దేశంలోని కొన్ని పులుల అభయారణ్యాలు ఏటా ఎన్ని వేల కోట్ల మేలు చేస్తున్నాయో నాగార్జునసాగర్–శ్రీశైలంతో సహా లెక్కగట్టి పుస్తకం అచ్చువేశారు. అదే ఏడాది ఇంకో చేత్తో నల్లమలలోని అమ్రాబాద్‌లో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం వెతకడానికి సూత్రప్రాయంగా సరేనన్నారు. కుడిచేయి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదన్నారు కదా పెద్దలు. మన శాఖలు ఆ ధర్మాన్ని నిష్ఠగా పాటిస్తున్నాయి. చివరికి దాన్ని ఆపింది ఆ పుస్తకమూ కాదు, అందులోని వేల కోట్లూ కాదు. జనం రోడ్డెక్కితే తెలంగాణ శాసనసభ దిగొచ్చి వద్దని తీర్మానం చేసింది.

మూడో పద్దు గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. తంగేడు, గునుగు పూలు లేనిదే బతుకమ్మ లేదు. అవి నర్సరీలో పూసేవి కావు, కంచల్లో, బంజర్లలో, గుట్టల వాలున పూస్తాయి. పేర్చిన బతుకమ్మ చేరాల్సింది చెరువులో. అంటే ఈ ఒక్క పండుగకు పూల కోసం ఒక బంజరు, సాగనంపడానికి ఒక చెరువు కావాలి. మన దగ్గర బంజరును ‘నిరుపయోగ భూమి’ అని రాసి పరిశ్రమకిస్తారు, చెరువును శిఖం పట్టా చేసి విల్లాలకిస్తారు. ఆపైన కోట్లు పోసి ఫ్లైఓవర్ స్తంభాల మీద బతుకమ్మ బొమ్మలు వేయిస్తారు. సాంస్కృతిక పద్దు భద్రంగా ఉంది, సిమెంటు మీద.

ఈ మదింపులు చేసేదెవరు? ప్రాజెక్టు కట్టేవాడే కన్సల్టెంటును పెట్టుకుంటాడు, వాడే ఫీజు ఇస్తాడు. ఆ కన్సల్టెంటు రాసిన పర్యావరణ ప్రభావ నివేదికనే ప్రభుత్వం నిపుణుల ముందు పెడుతుంది. కట్నం లెక్క తేల్చమని పెళ్లికొడుకు మేనమామనే పిలిచినట్టు. ఇక అందులో ‘ఈ ప్రాంతంలో చెప్పుకోదగ్గ జంతుజాలం లేదు’ అన్న వాక్యం రాకపోతేనే ఆశ్చర్యం. చెప్పుకోదగ్గ జంతువు అంటే ఏమిటో ఎవరూ అడగరు. ఫీజు తీసుకున్న జంతువు ఒక్కటి మాత్రం అక్కడ ఖాయంగా తిరిగి ఉంటుంది.

ఇంతకీ విలువ కట్టడం వల్ల ఎక్కడా మేలు జరగలేదా అంటే, జరిగింది. న్యూయార్క్ నగరం 1990లలో నీటిని వడగట్టే కర్మాగారం కట్టాలా, నీరొచ్చే క్యాట్‌స్కిల్ కొండల అడవులనూ పొలాలనూ కాపాడుకోవాలా అని లెక్క వేసింది. కర్మాగారానికి వందల కోట్ల డాలర్లు అవుతుందని తేలింది. 1997లో అక్కడి ఊళ్లతో ఒప్పందం చేసుకుని కొండలనే నమ్ముకుంది. మనకు దగ్గర్లోనే ఒడిశాలో 1999 మహా తుపాను తర్వాత సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ కేంద్రాపడా ఊళ్లను పరిశీలించారు. సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి ఎంత వెడల్పుగా ఉంటే చావులు అంతగా తగ్గాయని 2009లో చూపించారు. మన కాకినాడ పక్కన కోరంగి మడ అడవులకూ అదే విద్య తెలుసు. లెక్క నేర్చుకున్నాక న్యూయార్క్ కొండలను వదల్లేదు. మనం లెక్క నేర్చుకుని పేదల ఇళ్ల స్థలాల పేరిట దుమ్ములపేట దగ్గర మడను పూడ్చాం. పేదవాడికి ఇల్లు చూపించి, తుపానుకు దారి ఇచ్చాం.

తేడా అంతా లెక్క ఎప్పుడు వేశారన్న దగ్గర ఉంది. వాళ్లు నిర్ణయానికి ముందు వేశారు, దాన్నిబట్టి నిర్ణయించారు. మనం శంకుస్థాపన ముహూర్తం పెట్టుకున్నాక వేస్తాం. అప్పుడు ఆ లెక్క చేయగల పని ఒక్కటే, బిల్లు కొట్టడం.

కాబట్టి పటాలు గీసే పెద్దలకు కొన్ని మనవులు. పటం గీసేముందు అక్కడ బతికేవాళ్లను కూర్చోబెట్టి అడగండి. చెంచు చెప్పింది, వడ్డీ చెప్పింది, పశువుల కాపరి చెప్పింది కూడా ఉపగ్రహ చిత్రంతో సమానమైన సాక్ష్యంగా రాయండి. నాలుగు పద్దులూ చూడండి. ఒకటి సున్నా అయిందని మిగతా మూడింటిని చింపేయకండి. గీసిన పటానికి మాస్టర్ ప్లాన్‌లో కట్టుబడాలని చట్టం చేయండి. లేకపోతే రంగు పెన్సిళ్లు పిల్లలకివ్వండి, వాళ్లు ఇంకా బాగా గీస్తారు. మదింపు చేసేవాడి ఫీజు ప్రాజెక్టువాడి జేబులోంచి నేరుగా రాకుండా చూడండి.

అన్నిటికన్నా ముఖ్యంగా, అడవిని మళ్లించడానికి నింపే దరఖాస్తు ఫారాన్ని ఒకసారి తిరగేయండి. అందులో హెక్టార్లెన్ని అన్న గడి ఉంది, చెట్లెన్ని అన్న గడి ఉంది, పరిహారం ఎంత, బదులు భూమి ఎక్కడ అన్న గడులున్నాయి. ‘ఎంతిచ్చినా ఇవ్వం’ అని రాయడానికి ఎక్కడా గడి లేదు. కొన్ని అడవులకు, కొన్ని చెరువులకు జవాబు అదొక్కటే. ఆ గడి లేని మదింపు ఎంత శాస్త్రీయంగా ఉన్నా అమ్మకపు పత్రమే. ముందు ఆ ఒక్క గడి అచ్చువేయించండి. అందులో సంతకం పెట్టడానికి ఉపగ్రహం అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, విదేశీ నిపుణుడు అక్కర్లేదు. సంతకం పెట్టే చేతికి ఆ చుట్టుపక్కల బినామీ ప్లాటు లేకపోతే చాలు.